పిట్టగోడ మీది నెమలి: ఫోటోల నుంచి త్రీడీ నమూనా దాకా ఒక కాచిగూడ ఇంటి కేస్ స్టడీ

కాచిగూడలో ఒక పాత రెండంతస్తుల ఇల్లు. వీధి వైపు పిట్టగోడ మీద డంగు సున్నంతో చేసిన ఉబ్బెత్తు బొమ్మలు ఉండేవి: నడుమ పూలకుండ, దానికి అటొకటి ఇటొకటి నెమళ్లు. కుడి నెమలి ఇప్పటికీ చెక్కుచెదరలేదు. ఎడమ నెమలినీ, పూలకుండలో పూలున్న పై సగాన్నీ రావి మొక్క మింగేసింది. పగుల్లో మొలిచిన మొక్కను ఏటా నరుకుతూ వచ్చారు తప్ప వేరు తీయించలేదు. లోపల వేరు బలిసింది, ఒక వానాకాలంలో గచ్చు పెళ్లలు పెళ్లలుగా వీధిలో పడింది.

ఇంటి యజమాని రిటైరైన లెక్కల మాస్టారు. ఆయన దగ్గర 1964 నాటి ఫోటో ఒకటి ఉంది, వాళ్ల అక్కగారి పెళ్లిది. బంధువులంతా వీధిలో, ఇంటి ముందు నిలబడి తీయించుకున్న ఆ నలుపు తెలుపు ఫోటోలో తలల పైన పిట్టగోడ, దాని మీద రెండు నెమళ్లూ కనిపిస్తాయి. "ఫోటో పెడితే బొమ్మ చేసే ఏఐ వచ్చిందట కదయ్యా. ఇది పెట్టి ఎడమ నెమలిని చేసివ్వండి, మేస్త్రీ దాన్ని చూసి గచ్చుతో కడతాడు" అన్నారు.

ఇందులో రెండు పనులున్నాయని ఆ రోజే చెప్పాం. ఉన్నదాన్ని కొలవడం ఒకటి, లేనిదాన్ని పూరించడం మరొకటి. మొదటిదానికి మా త్రీడీ స్టూడియో పూచీ పడుతుంది. రెండోదానిలో ఎంతవరకు ఆధారం ఉంది, ఎక్కడి నుంచి ఊహ మొదలైంది అన్నది గీత గీసి చూపిస్తాం. కొటేషన్‌లోనూ రెండింటినీ వేర్వేరు పద్దులుగా రాశాం. త్రీడీ పనుల్లో డబ్బు దగ్గర, నమ్మకం దగ్గర వచ్చే తగాదాల్లో చాలావరకు ఈ రెండింటినీ ఒకే గాటన కట్టడం వల్ల వచ్చేవే.

పైకి ఎక్కకుండా కొలవడం

ఫోటోలతో కట్టడాలను కొలవడం ఏఐ తెచ్చిన విద్య కాదు. 1858లో జర్మనీలోని వెట్స్‌లర్ కెథడ్రల్ కొలతలు తీస్తూ ఆల్బ్రెక్ట్ మేడెన్‌బావర్ అనే యువకుడు పైనుంచి పడబోయి తప్పించుకున్నాడు. మనిషి ఎక్కే బదులు ఫోటో తీసి అందులోనే కొలుచుకోవచ్చు కదా అన్న ఆలోచన ఆయనకు అక్కడే పుట్టింది. 1885లో బెర్లిన్‌లో ఇందుకోసమే ఒక ప్రభుత్వ సంస్థ వెలిసింది. మా పిట్టగోడ సంగతీ అంతే. వేరు తీసి గోడ బిగించేదాకా దానికి ఆనించి పరంజా కట్టవద్దని మేస్త్రీ గట్టిగా చెప్పారు. ఆయన గోల్కొండ దగ్గర కుతుబ్‌షాహీ సమాధుల పునరుద్ధరణలో సున్నం పని చేసి వచ్చినవారు, ఆ మాటకు మేం ఎదురు చెప్పలేదు.

వీధిలో కరెంటు తీగలు, కేబుల్ తీగలు కలిసి వల అల్లుకుని ఉన్నాయి, డ్రోన్ మాట వెంటనే వదిలేశాం. రంగులేసేవాళ్లు వాడే పొడవాటి మడత కర్రకు కెమెరా బిగించి, ఫోనులో చూసుకుంటూ తీశాం. కొన్ని ఎదురింటి డాబా మీద నుంచి, కొన్ని కింద నుంచి.

సూత్రం పాతదే. గోడ మీది ఒక బిందువు వేర్వేరు చోట్ల నుంచి తీసిన ఫోటోల్లో ఎక్కడెక్కడ పడిందో తెలిస్తే, ఆ చూపుల గీతలు కలిసే చోటే ఆ బిందువు ఉంటుంది. లక్షల బిందువులకు ఈ లెక్క చేస్తూ, అదే ఊపులో కెమెరా ఎక్కడెక్కడ నిలబడిందో కూడా కంప్యూటర్ కనుక్కుంటుంది. ఒక్కో బిందువు కనీసం మూడు నాలుగు ఫోటోల్లో పడాలి కాబట్టి, పక్కపక్క ఫోటోల్లో 70 నుంచి 80 శాతం దృశ్యం ఒకటే ఉండేలా తీస్తాం. జూమ్ ముట్టుకోకూడదు. అపర్చర్, అంటే లెన్స్ రంధ్రం, ఎఫ్ 8 దగ్గర కట్టేసి, ఫోకస్, ఎక్స్‌పోజర్ మారకుండా పెడతాం. ఫోనుతో తీసేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి: ఫోను తనంతట తానే లెన్స్ మారుస్తుంది, చిత్రాన్ని చెప్పకుండా నున్నగా చేస్తుంది. అందానికి అది మంచిదే, కొలతకు మాత్రం చేటు. ఇల్లు పడమర ముఖం కావడం కలిసొచ్చింది. ఎండ నడినెత్తికి వచ్చేదాకా పిట్టగోడ అంతా ఒకే నీడలో ఉంటుంది.

అసలు చిక్కు వెల్లసున్నం. పండగ పండగకూ పూసిన పూతలు మందం కట్టి నెమలి రొమ్మును తెల్లగా, నున్నగా చేసేశాయి. సాఫ్ట్‌వేర్ ఒక ఫోటోలోని చుక్కను ఇంకో ఫోటోలో పోల్చుకోవాలంటే ఆ చుక్కకు ఏదో ఒక గుర్తుండాలి: మచ్చ, గీత, పెచ్చు, ఏదైనా. ఏ గుర్తూ లేని తెలుపులో అది తడబడుతుంది. మొదట వచ్చిన నమూనాలో రెక్కల గీతలు చక్కగా ఉన్నా, రొమ్ము మాత్రం స్ఫోటకం మచ్చలు పడ్డట్టు గుంటలు గుంటలుగా వచ్చింది. కొన్ని గుంటలు 5 మిల్లీమీటర్ల లోతు. మొత్తం ఉబ్బే 6 సెంటీమీటర్లు ఉన్న బొమ్మలో అది చిన్న తేడా కాదు.

దీనికి మందు ప్రొజెక్టర్. చీకటి పడ్డాక ఎదురింటి డాబా మీద ప్రొజెక్టర్ పెట్టి, నలుపు తెలుపు చుక్కలను చిందరవందరగా చల్లిన బొమ్మను గోడ మీద వేశాం. ప్రొజెక్టర్ కదలకూడదు, కెమెరా మాత్రమే కదలాలి. అప్పుడు ఆ చుక్కలే గోడకు గుర్తులవుతాయి. ఆకారం రాత్రి ఫోటోల నుంచి, రంగు పొద్దుటి ఫోటోల నుంచి తీసుకుని రెండింటినీ కలిపితే రొమ్ము నున్నగా, ఉన్నది ఉన్నట్టు వచ్చింది. చుక్కలు పడగానే సందు చివరి నుంచి పిల్లలు పరుగెత్తుకొచ్చి, మ్యాచ్ వేస్తున్నారా అని అడిగారు. కాదని తెలిసినా చాలాసేపు కూర్చున్నారు. వాళ్లు ప్రొజెక్టర్ వైరు తొక్కకుండా చూసుకోవడానికి మాస్టారు మనవడిని కాపలా పెట్టారు.

ఇక స్కేలు. ఫోటోలు ఎన్ని తీసినా వాటి నుంచి వచ్చే నమూనాకు సొంతంగా సైజు ఉండదు. అది అగ్గిపెట్టె అంత ఇల్లో, నిజమైన ఇల్లో కంప్యూటర్‌కు ఒకటే. అందుకని కొలిచిన దూరంలో గుర్తులు అతికించిన అల్యూమినియం పట్టీలను కిటికీల అంచుల మీద పెట్టాం. వాటిలో ఒకదాన్ని లెక్కలో కలపకుండా పక్కన పెట్టి, చివర్లో నమూనాలో దాని పొడవు సరిగ్గా వస్తోందా అని చూస్తాం. ఆ పరీక్ష పెట్టని నమూనాను మా స్టూడియో కొలత పనికి ఇవ్వదు. మాస్టారికి ఇదీ చాలలేదు. ఆయన రెండు కిటికీల నడుమ దూరాన్ని తన టేపుతో కొలిచి, కాగితం జేబులో పెట్టుకుని, మా అంకె చెప్పమన్నారు. చెప్పాక కాగితం తీసి చూసుకుని తల ఊపారు. అంతకు మించిన సర్టిఫికెట్ ఆయన దగ్గర దొరకదని తర్వాత వాళ్లమ్మాయి చెప్పింది.

ఈ దశలో ఏఐ చేసింది ఊడిగం లాంటి పనులే, అయినా చాలా సమయం మిగిల్చింది. ప్రతి ఫోటోలో అడ్డుపడే తీగలనూ పావురాలనూ గుర్తించి పక్కకు తప్పించడానికి, మెటా సంస్థ 2023లో విడుదల చేసిన సెగ్మెంట్ ఎనీథింగ్ రకం పరికరం వాడాం. ఒకప్పుడు ఇది మా జూనియర్లు మౌస్ పట్టుకుని గీసే పని. ఫోటోలు సరిపోయాయా, ఎక్కడైనా ఖాళీ వదిలామా అన్నది త్వరగా చూసుకోవడానికి వీజీజీటీ ఉంది. ఆక్స్‌ఫర్డ్, మెటా పరిశోధకులు చేసిన ఈ ఏఐ నెట్‌వర్క్ 2025లో సీవీపీఆర్ అనే కంప్యూటర్ విజన్ సదస్సులో ఉత్తమ పరిశోధనా పత్రం బహుమతి పొందింది. కెమెరా స్థానాలనూ లోతునూ సెకన్లలో అంచనా వేస్తుంది. కచ్చితమైన లెక్క మాత్రం కోల్‌మ్యాప్ లాంటి పాత పద్ధతి సాఫ్ట్‌వేర్‌లోనే చేశాం.

డాలస్‌లో ఉన్న మాస్టారి అమ్మాయికి ఫోనులో చూడటానికి వేరే రూపం చేసిచ్చాం, గాసియన్ స్ప్లాటింగ్‌తో. 2023లో ఫ్రాన్స్‌లోని ఇన్రియా పరిశోధకులు తెచ్చిన పద్ధతి ఇది. దృశ్యాన్ని గట్టి ఉపరితలంగా కాకుండా, రంగు, పారదర్శకత ఉన్న లక్షల మసక గోళికలుగా నిలుపుతుంది. తలుపు పైన ఉన్న రంగుటద్దాలు, వాటిలో ఆకాశం మెరుపు, తీగల నీడలు అన్నీ జీవంతో కనిపిస్తాయి. చూడటానికి దీని ముందు మామూలు నమూనా వెలవెలబోతుంది. కానీ అందులో గోడ ఎక్కడ మొదలవుతుందో స్పష్టంగా ఉండదు, కాబట్టి దాని మీద టేపు పెట్టవద్దని ఫైలు పేరులోనే రాసి పంపాం. ఇంకో మాట: ఇన్రియా వాళ్ల అసలు కోడ్ వాణిజ్య వాడకానికి ఉచితం కాదు. డబ్బు తీసుకుని పని చేసేవాళ్లు లైసెన్స్ చదివి, జీస్ప్లాట్ లాంటి స్వేచ్ఛ ఉన్న కోడ్ వాడుకోవాలి.

లేని నెమలి

ఇప్పుడు మాస్టారు అడిగిన అసలు పని. ఒకే ఫోటో నుంచి త్రీడీ బొమ్మ చేసే మోడళ్లు ఈమధ్య వరసగా వచ్చాయి. 2024 మార్చిలో ట్రిపోఎస్ఆర్, అదే ఏడాది డిసెంబరులో మైక్రోసాఫ్ట్ వాళ్ల ట్రెలిస్, ఆ వెంటనే టెన్‌సెంట్ వాళ్ల హున్యువాన్ త్రీడీ కొత్త రూపం. పెళ్లి ఫోటోను స్కాన్ చేసి, నెమలి భాగం కత్తిరించి ఇచ్చాం. నిమిషంలో నెమలి వచ్చింది. వచ్చింది గోడ మీది నెమలి కాదు, షోకేసులో పెట్టుకునే నెమలి. వీపు ఉంది, వెనక పింఛం ఉంది, కాళ్లున్నాయి. గోడ నుంచి నాలుగు వేళ్ల మందాన పైకి తేలిన బొమ్మ అనే సంగతే దానికి అందలేదు.

ఇందులో వింతేమీ లేదు. ఒక్క ఫోటోలో లోతు ఉండదు. ఒకే ఫోటోకు సరిపోయే ఆకారాలు లెక్కలేనన్ని, వాటిలో ఒకదాన్ని ఎంచుకోవడానికి మోడల్ తాను నేర్చుకున్నదాని మీద ఆధారపడుతుంది. ట్రెలిస్‌కు శిక్షణ ఇచ్చింది సుమారు 5 లక్షల త్రీడీ నమూనాలతో. అలాంటి సేకరణల్లో కుర్చీలు, బొమ్మలు, జంతువులు విడివిడి వస్తువులుగానే ఎక్కువగా ఉంటాయి. సున్నపు గోడకు అతుక్కున్న నెమళ్లు అందులో ఎన్ని ఉంటాయి?

పైగా ఫోటోలో నెమలి తల మిరియపు గింజంత కూడా లేదు. దాన్ని ఏఐతో పెద్దది చేసి స్పష్టపరచి ఇద్దామని మా జూనియర్ సూచించాడు. వద్దన్నాను. ఆ పరికరాలు లేని ఈకలను గీసి స్పష్టత తెచ్చినట్టు చూపిస్తాయి. తర్వాతి మెట్టులో ఆ గీసిన ఈకలే సాక్ష్యమై కూర్చుంటాయి. ఆరో నిజాం ఆస్థాన ఛాయాచిత్రకారుడు రాజా దీన్‌దయాళ్ వాడినలాంటి పెద్ద గాజు ప్లేటు నెగటివ్ దొరికితే ఈ బాధే ఉండేది కాదు, ఆ ప్లేట్లలో ఇటుక ఇటుక లెక్కపెట్టుకోవచ్చు. మాకు దొరికింది అరచేతి వెడల్పు ప్రింటు, ఒక మూల మడత.

వచ్చిన బొమ్మలో ఊహ ఎంతో చూడటానికి మేం వాడే పద్ధతి ఒకటుంది. అదే ఫోటోను అదే మోడల్‌కు, మొదలుపెట్టే యాదృచ్ఛిక సంఖ్య మార్చి మళ్లీ మళ్లీ ఇస్తాం. వచ్చిన బొమ్మలన్నిటినీ ఒకదాని మీద ఒకటి పెడతాం. అన్నిటిలో ఒకేలా వచ్చిన చోట ఫోటోలో ఏదో ఆధారం ఉండి ఉండవచ్చు. ప్రతిసారీ మారిన చోట మోడల్ ఊరికే పూరిస్తోంది. నెమలి పొట్ట గీత అన్నిటిలోనూ ఒకటే. తోక ఈకలు ఏ రెండింటిలోనూ కలవలేదు. మెడ కూడా అంతే.

మెడ దగ్గరే ఈ పని మలుపు తిరిగింది. కుడి నెమలి కొలతలు మా దగ్గర ఉన్నాయి కాబట్టి దాన్ని అద్దంలోలాగా తిప్పితే చాలదా అన్నది సులువైన దారి. ఇంట్లోవాళ్లందరి జ్ఞాపకంలోనూ రెండూ ఒకేలా ఉండేవి. అది నిజమో కాదో తేలాలంటే 1964 ఫోటో తీసిన కెమెరా ఎక్కడ నిలబడిందో తెలియాలి. కిటికీ కమాన్లు, పిట్టగోడ అంచు, తలుపు చట్రం అప్పుడూ ఇప్పుడూ ఒకటే. ఆ గుర్తులను పాత ఫోటోలోనూ మా నమూనాలోనూ జత చేస్తే పాత కెమెరా స్థానం లెక్కకు దొరుకుతుంది. పాత తరం పద్ధతులు అరవై ఏళ్ల నాటి ప్రింటునూ ఇప్పటి రంగు ఫోటోనూ జత చేయలేక చేతులెత్తేశాయి. ఈటీహెచ్ జ్యూరిక్ పరిశోధకులు 2023లో తెచ్చిన లైట్‌గ్లూ అనే నెట్‌వర్క్ మాత్రం కమాన్ల మూలలను చక్కగా పట్టుకుంది. మొత్తం పనిలో ఏఐకి నేను మార్కులు వేసేది ఇక్కడే. కొత్త నెమలిని పుట్టించినందుకు కాదు, పాత ఫోటోగ్రాఫర్ నిలబడిన చోటు చూపించినందుకు.

ఫోటోగ్రాఫర్ ఎదురింటి అరుగు దగ్గర నిలబడ్డాడు. కెమెరా ఎత్తు నుంచి నెమలి దాకా నిలువున సుమారు 6 మీటర్లు, గోడ నుంచి అడ్డంగా ఎనిమిదిన్నర. అక్కడి నుంచి ఆ ఫోటోను మా నమూనా గోడ మీద పరిస్తే, లేని నెమలి రూపురేఖలు ఉండాల్సిన చోట, ఉండాల్సిన సైజులో పడ్డాయి.

అయితే ఒక సవరణ అవసరం. కింద నుంచి చూసినప్పుడు గోడ కన్నా ముందుకు పొడుచుకొచ్చిన భాగం, గోడ మీద తానున్న చోటు కన్నా పైకి ఉన్నట్టు కనిపిస్తుంది. ఎంత పైకి? మాస్టారు శుభలేఖ ఒకటి తిరగేసి దాని వెనక త్రిభుజం గీశారు. ఎత్తు 6, దూరం 8.5, నిష్పత్తి 0.7. రొమ్ము ఉబ్బు 6 సెంటీమీటర్లయితే అది 4.2 సెంటీమీటర్లు పైకి జరిగినట్టు కనిపించాలి. "అంటే నేరుగా ఫోటో మీద గీస్తే నెమలి గొంతు నాలుగు సెంటీమీటర్లు సాగిపోతుందన్నమాట. ముందే చెప్పొద్దూ!" అన్నారు, చెప్పడానికి మాకు సందు ఇవ్వకుండానే. ఉబ్బు ఎంతన్నది కుడి నెమలి నుంచి తీసుకున్నాం. ఒకే గోడ, ఒకే కాలం పని కాబట్టి మందాలు దగ్గర దగ్గరగా ఉంటాయన్నది మా అంచనా, మేస్త్రీ కూడా ఒప్పుకున్నారు.

సవరణ చేసి, అద్దంలో తిప్పిన కుడి నెమలిని దాని మీద పెట్టాం. కాళ్లు, పొట్ట, తోక మొదలు కలిశాయి. మెడ కలవలేదు. కుడి నెమలి పూలకుండ వైపు చూస్తోంది. పోయిన ఎడమ నెమలి మెడ వెనక్కి తిప్పి తన తోకను చూసుకుంటోంది. ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. మేస్త్రీకి చూపిస్తే ఆయనేమీ ఆశ్చర్యపోలేదు. "రెండూ అద్దంలో పెట్టినట్టుంటే అచ్చు పోసినదని తెలిసిపోతుంది సార్. చేత్తో చేసేవాడు ఏదో ఒకటి మారుస్తాడు" అన్నారు.

మేస్త్రీ చేతికి ఏమిచ్చాం

త్రీడీ ప్రింటర్‌లో నెమలిని అచ్చు తీసి ఇస్తామంటే మేస్త్రీ ఉస్తాద్ వద్దన్నారు. గచ్చును అచ్చులో పోయరు, పొర మీద పొర వేసి, ఆరేదాకా ఆగి, నగిషీ పని చేత్తోనే చేస్తారు. ఆయనకు కావలసింది గోడ మీద పెట్టుకునే గీత, ఎక్కడ ఎంత ఎత్తు రావాలన్న అంకె. అందుకని నమూనా నుంచి, పటాల్లో కొండల ఎత్తులు చూపినట్టే, ప్రతి 5 మిల్లీమీటర్ల ఉబ్బుకు ఒక గీత తీశాం. నిజమైన సైజులో దాన్ని ఫ్లెక్స్ మీద ముద్రించాం. హైదరాబాద్‌లో ఫ్లెక్స్ ముద్రణ ఎంత చవకో తెలిసిందే. సాగిపోతుందేమోనన్న భయంతో నాలుగు మూలల్లో కొలత గుర్తులు పెట్టాం, గోడకు కట్టాక టేపుతో చూసుకోమని. ఉస్తాద్ గీతల వెంట మేకుతో చిల్లులు పొడిచి, బొగ్గుపొడి మూటతో అద్ది గుర్తులు దించుకున్నారు.

ఆ ఫ్లెక్స్ మీద గీతలకు మూడు రంగులు. నీలం అంటే మిగిలిన గచ్చును కెమెరాతో కొలిచినది. ఆకుపచ్చ అంటే 1964 ఫోటో నుంచి లెక్కగట్టి, మందం కుడి నెమలి నుంచి తెచ్చుకున్నది. ఎరుపు అంటే ఊహ. ఎడమ నెమలి రూపురేఖలన్నీ దాదాపు ఆకుపచ్చే. ఈకల లోపలి గీతలు ఎరుపు. పూలకుండలోని పూలు పూర్తిగా ఎరుపు, ఎందుకంటే ఫోటోలో సరిగ్గా ఆ చోటికే పెళ్లి పందిరి మామిడి తోరణం అడ్డొచ్చింది.

పూల విషయంలో ఇంట్లో ఏకాభిప్రాయం రాలేదు. ఏఐ ఇచ్చిన వాటిలో ఒక గుత్తి అమ్మాయికి బాగా నచ్చింది, నిజంగా అందంగానే ఉంది. మాస్టారికి మాత్రం అది తెలియనిదాన్ని తెలిసినట్టు రాసిన జవాబులా అనిపించింది. కుండ మూతి దగ్గర మిగిలిన కాడల మొదళ్లు మూడు, నమూనాలో వాటి వంపు స్పష్టంగా ఉంది. ఆ వంపును అనుసరించి మూడు మొగ్గలు కడతాననీ, అంతకు మించి ఆకులు, రేకులు పెట్టననీ ఉస్తాద్ అన్నారు. చివరికి అదే ఖాయమైంది.

అప్పగించిన ఫైళ్లు ఇవి: కొలత నమూనా ఓబీజే అనే త్రీడీ ఫైలు రూపంలో, ఊహ కలిపిన నమూనా వేరే ఫోల్డర్‌లో రంగుల గుర్తులతో, ఫోనులో చూసే స్ప్లాట్, పెళ్లి ఫోటో స్కాన్ ఏ దిద్దుబాటూ లేకుండా, పొద్దుటి ఫోటోలూ రాత్రి ఫోటోలూ అన్నీ. ఫోటోలను కూడా ఇవ్వడం మా పద్ధతి. ఇంకో ఐదేళ్లకు సాఫ్ట్‌వేర్ మెరుగైతే అవే ఫోటోల నుంచి ఇంతకన్నా మంచి నమూనా తీయవచ్చు. బిల్లులో పెద్ద వాటా ఫోటోలు తీయడానికే పోయింది, ఏఐ మోడళ్లు నడిపిన జీపీయూ (భారీ లెక్కలు చేసే కంప్యూటర్ చిప్) అద్దె అందులో చిన్న పద్దు. మాస్టారు బిల్లు కూడిక సరిచూసి చెక్కు రాశారు. ఎరుపు గీతల భాగం కట్టడం పూర్తయ్యాక మళ్లీ వచ్చి స్కాన్ చేసి, కొత్తగా కట్టింది ఏదో ఫైలులో తేదీతో గుర్తించాలని ఆయనే షరతు పెట్టారు. దానికి వేరే కొటేషన్ ఇచ్చాం.